ఉగ్గుగిన్నెలో తేట

మా కోడలు ఆ రోజు పాలకోవా తినలేదు. ముందు ఈ మాట రాసి, తర్వాత మిగతాది రాస్తాను.

పుంగనూరులో మా వీధిలోనూ, చుట్టాల్లోనూ, నేను పనిచేసే పాలకేంద్రం ముందు క్యాన్లు పట్టుకుని నిలబడే వాళ్ళలోనూ ఆమె తిన్నదనే కథ చాలాకాలంగా నడుస్తోంది. డాక్టరు వద్దన్నా వినకుండా దొంగతనంగా కోవా తిని, తన పాలు బిడ్డకు పట్టి, బిడ్డ ప్రాణం మీదికి తెచ్చిందని ఆ కథ. అది పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె కాక, అది అబద్ధమని తెలిసిన మనిషిని అప్పటికి నేనొక్కణ్ణే.

నాది పాలు పరీక్ష చేసే పని. ఇరవై ఏళ్ళు దాటింది. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు తెస్తారు. ప్రతి క్యాను నుంచి చిన్న సీసాలోకి కాసిని పాలు తీసి యంత్రానికి అందిస్తే, నిమిషం లోపల అంకెలు చూపిస్తుంది. మొదటిది ఫ్యాట్. రెండోది ఎస్సెనెఫ్, అంటే కొవ్వు కాక పాలలో మిగిలిన గట్టి పదార్థమంతా. రైతు చూపు ఎప్పుడూ మొదటి అంకె మీదే ఉంటుంది.

"నీళ్ళు కలిపినావా ఏమప్పా?"

"నేను యాడ కలిపినాను సామీ! నిన్న వాన పడింది గదా, గడ్డిలో నీళ్ళెక్కువైనాయి."

"ఆ వాన నేరుగా క్యాన్లోనే పడినట్టుండాది సూడు."

ఇట్లాంటి మాటలతో పొద్దు గడిచిపోతుంది. పాల గురించి నాకు తెలియనిది లేదని ఊళ్ళో అనుకునేవారు. నేనూ అనుకునేవాణ్ణి.

మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. శనివారాలు వచ్చి వెళ్ళేవాడు. కోడలిది కుప్పం. మొదటి కాన్పు అక్కడే అయింది, ఆడపిల్ల. మూడో నెలలో బిడ్డతో మా ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికే గొడవ మొదలైంది. పాలు తాగిన కాసేపటికి పాప కాళ్ళు ముడుచుకుని కీచుమని ఏడ్చేది. బుగ్గల మీద ఎర్రగా పొక్కులు. ఒకరోజు గుడ్డ మార్చబోయి కోడలు ఉన్నట్టుండి నిలబడిపోయింది. విరేచనంలో నెత్తురు జీరలు కనబడ్డాయి.

మదనపల్లెలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె చాలాసేపు చూసి, పాపకు ఆవుపాల ప్రొటీన్ పడటం లేదంది. తల్లి తిన్న పాలు, పెరుగు, నెయ్యి నుంచి ఆ ప్రొటీన్ రవ్వంత తల్లిపాలలోకి వస్తుందనీ, ఈ పాపకు ఆ రవ్వంతే ఎక్కువవుతోందనీ చెప్పింది. "నువ్వు పాలకు సంబంధించినవన్నీ మానేయాలమ్మా. నీ పాలు మాత్రం మానొద్దు. పాపకు అవే మందు," అని కోడలి చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

కోడలు మానేసింది. టీ మానేసింది. నెయ్యి మానేసింది. మా వైపు పెరుగు లేకుండా అన్నం ముగించడం ఎవరికీ చేతకాదు. ఆమె చివరి ముద్దకు చారు పోసుకుని లేచేది. బిస్కెట్ పొట్లం కొంటే వెనక సన్న అక్షరాలు చదివి, పాలపొడి ఉందని పక్కన పెట్టేసేది. మూడు వారాలకు నెత్తురు జీరలు పోయాయి. బుగ్గలు నున్నబడ్డాయి. పాప నవ్వడం మొదలుపెట్టింది.

అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

పాలు తప్ప ఇంకో ధ్యాస లేని ఇంట్లో పాలగిన్నె పొయ్యి మీది నుంచి దిగిపోయింది. నా వరకు కొంచెం పెరుగు తోడేసి వెనకగదిలో మూతపెట్టి ఉంచేది మా ఆవిడ. నేను అక్కడికి వెళ్ళి తిని, చెయ్యి సబ్బుతో కడుక్కుని రావాలి. కేంద్రం దగ్గర ఒక పెద్దాయన అందరి ముందూ అన్నాడు.

"ఊరందరి పాలకూ మార్కులేస్తావు గదప్పా! నీ మనవరాలు నీకే సున్నా ఏసిందంట గదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళేదాకా ఆ నవ్వు నా ముఖం మీద అట్లాగే బిగుసుకుపోయి ఉంది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డకు ఐదో నెల వచ్చాక ఇంటి పెద్ద తన చేత్తో ఉగ్గుగిన్నెలో మజ్జిగ తేట పడతాడు. వెన్న తీసిన మజ్జిగలో నీళ్ళు పోసి కదల్చకుండా ఉంచితే పైన తేరుకునే పలచటి నీరు అది. నాకు మా తాత పట్టాడట. మా అబ్బాయికి మా నాయన పట్టాడు. మూతి సన్నగా సాగిన ఆ వెండి గిన్నె ఇప్పటికీ మా అలమరలో ఉంది. ఈ పాపకు ఐదో నెల వచ్చింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తరని నాకూ తెలుసు.

పాలలో చెడు అంటూ ఉంటే అది కొవ్వులోనో కల్తీలోనో ఉంటుందని నా నమ్మకం. నా ఉద్యోగమంతా ఆ రెండింటి మీదే నడిచింది. తేటలో కొవ్వు ఉండదు. మా ఇంటి తేటలో కల్తీ ఉండదు. పులిసింది కాబట్టి పాలలోని తీపి కూడా చాలావరకు పోయి ఉంటుంది. ఇంకేముంది అందులో, నీళ్ళు తప్ప? అయినా ఊరికే నమ్మకూడదని ఒక గురువారం పొద్దున నా పెరుగు చిలికి తీసిన తేట కాసింత సీసాలో పోసుకుని కేంద్రానికి తీసుకెళ్ళాను. రైతులందరూ వెళ్ళిపోయాక యంత్రంలో పెట్టాను. ఫ్యాట్ దగ్గర సున్నా చూపించింది. కింద రెండో అంకె కూడా ఉంది. అది నా కళ్ళకు కనబడింది. నేను పట్టించుకోలేదు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ పిండిమరకు వెళ్ళింది. కోడలు పాపను నా ఒళ్ళో పెట్టి తలస్నానానికి వెళ్ళింది. "ఒక పది నిమిషాలు సూస్తా ఉండండి మామా," అంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మొదలయ్యాక లేచి ఉగ్గుగిన్నె తీశాను. పొద్దున మిగిలిన తేట పోసి రెండు గుక్కలు పట్టాను. పాప చప్పరించి పెదాలు నాకింది. ఇంకో గుక్క పట్టాను. నాకు ఎంత సంతోషమైందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ముందు నోటి చుట్టూ ఎర్రబడింది. తుడిచాను. తుడిచిన చోట దద్దు లేచింది. చూస్తుండగానే దద్దులు గొంతు మీదికి, చెవుల వెనక్కి పాకాయి. పెదవి ఉబ్బింది. పాప ఒక్కసారిగా కక్కుకుంది. ఆ తర్వాత దగ్గు. దగ్గులో పిల్లనగ్రోవి లాంటి సన్నటి కూత. ఏడుపు రావడం లేదు, కూతే వస్తోంది.

నేను అప్పుడు చేసిన పని ఇది. పాపను చాప మీద పడుకోబెట్టి, ముందు గిన్నె కడిగాను. కడిగి, అలమరలో దాని చోట దాన్ని బోర్లించి, ఆ తర్వాత స్నానాల గది తలుపు కొట్టాను.

కోడలు తడిజుట్టుతో బయటికి వచ్చింది. తలకు చుట్టుకున్న తువ్వాలు ఎక్కడో జారిపోయింది. పాపను ఎత్తుకుని ఆ తడి చీరతోనే వీధిలోకి పరుగెత్తింది. దగ్గర్లోని క్లినిక్‌లో చూసిన వెంటనే తొడలో ఒక ఇంజెక్షన్ వేశారు. ఆ సూదే పాపను నిలబెట్టిందని తర్వాత డాక్టరమ్మ అంది. మదనపల్లెకు తీసుకుపొమ్మన్నారు. పక్కింటివాళ్ళ కారులో బయల్దేరాం. అప్పటికి మా ఆవిడ కూడా వచ్చింది. దారి పొడుగునా కోడలు పాప రొమ్ము మీద అరచెయ్యి ఉంచి ఊపిరి చూసుకుంటూ కూర్చుంది. ఆమె జుట్టు నుంచి నీటి చుక్కలు నా మోకాలి మీద పడుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ మూడుసార్లు అడిగింది.

మొదటిసారి పాప ముక్కుకు ఆక్సిజన్ పెడుతూ అందరినీ కలిపి అడిగింది. "పాప నోట్లోకి నేరుగా ఏమైనా పోయిందా? ఎవరైనా ఏమైనా నాకించారా?" మా ఆవిడ, "ఏమీ లేదమ్మా, తల్లిపాలే," అంది. రెండోసారి కోడల్ని అడిగింది. కోడలు తల అడ్డంగా ఊపింది. మూడోసారి పాప కుదుటపడ్డాక, వరండాలో నన్ను అడిగింది.

"సార్, పాప మీ దగ్గరే ఉందంట కదా. మీరేమైనా పెట్టారా? చిన్నదైనా సరే చెప్పండి."

"లేదమ్మా. నేను పేపరు సదువుకుంటా ఉన్నాను."

ఆ మాట అంత సులువుగా ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.

ఆమె కొంచెంసేపు నా ముఖం చూసింది. తల్లిపాలతోనే ఇంత తీవ్రంగా రావడం చాలా అరుదు అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, నిన్నా ఈరోజూ ఏమేం తిన్నావో చెప్పమంది.

ముందు రోజు మా వీధిలో ఒక నిశ్చితార్థం జరిగింది. కోడలు వెళ్ళి, వాళ్ళిచ్చిన స్వీటు పొట్లం తెచ్చి అత్త చేతికి ఇచ్చింది. మా ఆవిడకు అది అప్పుడు గుర్తొచ్చింది.

"పొట్లంలో నాలుగు కోవాలుండె. పొద్దున సూస్తే మూడే ఉండాయి. తిన్నావా మే?"

"నేను తినలేదత్తా."

"తింటే తిన్నానని చెప్పు. బిడ్డ కంటే ఎక్కువా?"

"బిడ్డ మీద ఒట్టు అత్తా. తినలేదు." అని, డాక్టరమ్మ వైపు తిరిగి అంది. "ఆడ పప్పులో నెయ్యి ఏసినారేమోనమ్మా. నేను అడగలేదు. అడిగుండాల్సింది."

నాలుగో కోవా నేను తిన్నాను. అది కూడా చెప్పలేదు.

ఆమె తన తప్పు కోసం తానే వెతుక్కుంటుంటే నేను గోడ మీద టీకాల పట్టిక చదువుతూ నిలబడ్డాను. డాక్టరమ్మ ఆలోచించి, తల్లిపాలలో వచ్చిన దానికే ఇంతయితే ఇంకోసారి సాహసం చేయలేనంది. రెండు వారాలు తల్లిపాలు ఆపి, ప్రొటీన్‌ను ముందే ముక్కలు ముక్కలు చేసి తయారుచేసిన పొడి పట్టమంది. "కానీ నువ్వు మూడు గంటలకొకసారి పాలు పిండి పారబొయ్యాలి. లేకపోతే ఎండిపోతాయి. మళ్ళీ మొదలుపెట్టగలమేమో చూద్దాం," అంది.

కుప్పం నుంచి వాళ్ళమ్మ వచ్చి ఇద్దరినీ తీసుకుపోయింది. వెళ్ళేటప్పుడు కోడలు నాకు చెప్పి వెళ్ళింది. మా ఆవిడతో చెప్పలేదు.

కథ ఊళ్ళోకి పోవడానికి రెండు రోజులు పట్టలేదు. మా ఆవిడ పక్కింట్లో అంది, పక్కిల్లు వీధికి చెప్పింది. మూడో రోజు కేంద్రం దగ్గర ఒకాయన క్యాను మూత తీస్తూ అడిగాడు.

"కోవా మీద అంత ఆశ యాలప్పా ఆ పిల్లకు?"

నేను సీసాలోకి పాలు తీసుకుంటూ, "ఏం చేస్తాం, చిన్న వయసు," అన్నాను.

గిన్నె కడగడం భయంతో చేశాను. పేపరు మాట కూడా భయంతోనే అన్నానని సర్ది చెప్పుకోవచ్చు. ఈ మాటకు మాత్రం నా దగ్గర ఏ సాకూ లేదు.

ప్రతి సాయంత్రం మా అబ్బాయి ఫోన్ చేసి కుప్పం సంగతులు చెప్పేవాడు. పాప పొడి పాలు ముఖం తిప్పుకుంటూనే తాగుతోందట. కోడలికి మొదట్లో గిన్నెడు వచ్చేవట పాలు. తర్వాత సగం గిన్నె. పదో రోజు మా ఆవిడ ఫోన్ పెట్టేసి నాతో అంది.

"నాలుగు స్పూన్లు వస్తాండాయంట. ఇంక రెండు మూడు రోజుల్లో ఆగిపోతాయంటాండాడు."

ఆ నాలుగు స్పూన్ల మాటతో నాకు అన్నం దిగలేదు. పాల లెక్క నాకు తెలుసు. పిండకపోతే ఆవు వట్టిపోతుంది, పిండినా దూడ మూతి తగలకపోతే తగ్గిపోతుంది. ఇక్కడ ఆగిపోబోతున్నవి నా మనవరాలి పాలు. ఆపించింది నేను.

మర్నాడు పొద్దున కేంద్రం పని వేరేవాళ్ళకు అప్పజెప్పి మదనపల్లె వెళ్ళాను. వరసలో కూర్చుని, నా వంతు వచ్చాక, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను.

"ఇట్లాంటి బిడ్డకు ఎవరైనా మజ్జిగ తేట పడితే ఏమవుతుందమ్మా? దాంట్లో ఫ్యాట్ సున్నా కదా."

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "మీ మిషన్‌లో ఇంకో నంబరు కూడా వస్తుంది కదా సార్?"

"ఎస్సెనెఫ్."

"దాంట్లో ఏముంటుంది?"

"ఘనపదార్థం."

"అంటే?"

ఇరవై ఏళ్ళుగా రోజుకు రెండు పూటలా పలికిన మాట అది. అందులో ఏముంటుందని నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. "కొవ్వు కానిదమ్మా," అన్నాను.

"అసలు సంగతంతా ఆ కొవ్వు కానిదాంట్లోనే ఉంది. ప్రొటీన్లు, చక్కెర, ఉప్పులు. పాలు తోడుకున్నప్పుడు ఒక రకం ప్రొటీన్ గడ్డలో ఉండిపోతుంది. ఇంకో రకం నీళ్ళలోనే కరిగి ఉంటుంది, తేటలోకి వచ్చేది అదే. ఇట్లాంటి పిల్లల్ని బాగా ఇబ్బంది పెట్టే వాటిలో అదొకటి. తల్లిపాలలో అది పుట్టదు. తల్లి తిన్నదాంట్లోంచి రవ్వంత వస్తే రావాలి. మీరు గిన్నెతో పోశారు."

'ఎవరైనా' అనలేదు, 'మీరు' అంది. నేను తల దించుకున్నాను.

"కొంచెమేనమ్మా. మూడు గుక్కలు."

"కొంచెమా, ఎక్కువా అని చూడదు ఒళ్ళు. మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. ఎవరు ఇంటివాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అని పసివయసులో అవి ఇంకా నేర్చుకుంటూ ఉంటాయి. ఈ పాప ఒంట్లో అవి ఆ ప్రొటీన్‌ను దొంగ అని రాసిపెట్టుకున్నాయి. ప్రొటీన్ ఆకారం గుర్తుపడతాయి. కొన్నిటి మీద సన్నటి చక్కెర పోగులు అతుక్కుని ఉంటాయి, వాటిని కూడా తడిమి చూస్తాయి. దొంగ అనుకున్నాయా, ఒళ్ళంతా గంట కొట్టేస్తాయి. ఆ దద్దులు, వాపు, ఊపిరాడకపోవడం పాలు చేసిన పని కాదు, ఆ గంట చేసిన పని. మరగబెట్టినా, తోడేసినా, చిలికినా ఆ ప్రొటీన్ అంత తేలిగ్గా పోదు."

ఆమె గొంతు అప్పుడు మారింది.

"ఇంకోటి చెప్తాను వినండి. తల్లిపాలలో ఒక జాతి చక్కెరలున్నాయి. అవి బిడ్డకు అరగవు. అరగనివి ఎందుకున్నాయి మరి? బిడ్డ పేగుల్లో పెరిగే మంచి క్రిముల కోసం. ఆ క్రిములు అవి తిని బతికి, పేగు గోడను గట్టిగా ఉంచుతాయి. ఆ కాపలా కణాలకు నిదానం నేర్పుతాయి. కొన్ని చెడ్డ క్రిములు పేగు గోడే అనుకుని ఈ చక్కెరలకు అతుక్కుని బయటికి కొట్టుకుపోతాయి. డబ్బా పొడిని నేను తక్కువ చెయ్యను, అవసరమైన పిల్లలకు అదే దిక్కు. కానీ ఈ పాపకు తల్లిపాలు పడుతున్నాయి సార్. పడేవాటిని నేను ఆపించాను. మీరు పేపరు చదువుతున్నానని చెప్పబట్టి ఆపించాను."

బయట వరసలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

"ఆ అమ్మాయికి ఇంకా పాలు వస్తున్నాయా?"

"నిన్నటికి నాలుగు స్పూన్లంటమ్మా."

ఆమె గడియారం చూసింది. వెంటనే ఫోన్ తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నేనే వెళ్ళి చెప్తానన్నాను.

"ఆరు గంటలకు ఫోన్ చేసి మళ్ళీ పాలు పట్టమంటాను. ఎందుకు ఆపించానో అప్పటికి మీరు చెప్పి ఉండాలి. లేకపోతే అది కూడా నేనే చెప్తాను."

కుప్పానికి వెళ్ళాలంటే మళ్ళీ పుంగనూరు మీదుగానే పోవాలి. మా ఊరి బస్టాండులో బస్సు చాలాసేపు ఆగింది. కండక్టరు టీకి దిగాడు. కిటికీలోంచి మా వీధి మలుపు కనబడుతోంది. దిగి ఇంటికి పోతే, ఆరు గంటలకు ఎట్లాగూ డాక్టరమ్మ చెప్పేస్తుంది, కోడలి కళ్ళలోకి చూడాల్సిన పని తప్పుతుంది అనిపించింది. ఒకసారి లేచి నిలబడ్డాను కూడా. వెనకసీటు ఆవిడ, "దిగేవాడివైతే దిగప్పా, దావకు అడ్డం నిలబడతావేం?" అంది. కూర్చున్నాను. పలమనేరులో బస్సు మారాను. దారి పొడుగునా గడియారమే చూసుకున్నాను. కుప్పంలో దిగేసరికి ఐదున్నర అయింది.

వియ్యపురాలు తలుపు తీసి ఆశ్చర్యపోయింది.

"రా అన్నా. సెప్పకుండా వచ్చినావే? కూచో. కాఫీ అయితే నల్లదే అన్నా. మా ఇంట్లో పాలు తెప్పించడం మానేసినాం. చుక్క పాల గిన్నె పాప కాడికి వచ్చినా నాకు బయ్యంగా ఉండాది."

మా ఇంట్లో వెనకగదిలో నాకు పెరుగు తోడెయ్యడం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఇక్కడ పాలే మానేశారు. ఆమె పాలు లేని కాఫీ తెచ్చి ఇచ్చింది. అది తాగేదాకా చెప్పకుండా ఉండొచ్చు అనుకున్నాను. లోటా అడుగు కనబడేదాకా తాగాను.

"అమ్మాయేది?"

"పెరట్లో ఉండాది. పాలు పిండుకోను పోయింది."

నేను వెళ్ళేసరికి కోడలు కరివేపాకు చెట్టు మొదట్లో చిన్న స్టీలు గిన్నె వంచుతోంది. ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లోనే పోయాలని వాళ్ళమ్మ చెప్పిందట. చీమలు పట్టకుండా మీద చెంబెడు నీళ్ళు పోసింది. మట్టి మీద తెల్లటి మరక కాసేపుండి ఇంకిపోయింది. నేను ఆ కాఫీ తాగకుండా నేరుగా పెరట్లోకి వచ్చి ఉంటే ఆ నాలుగు స్పూన్లూ పాప నోట్లోకే పోయేవి.

"ఎప్పుడొచ్చినారు మామా?" అని లేచింది. బుగ్గలు లోపలికి పోయాయి.

నిలబడే చెప్పాను. తేట సంగతి, మూడు గుక్కలు, పేపరు మాట, కోవా. ఒకదాని వెనక ఒకటి, నీళ్ళు నమలకుండా చెప్పాను. ఆమె కళ్ళు నా మీదే నిలిచిపోయాయి. అంతా విని, ఒక్కటే అడిగింది.

"గిన్నె కడిగినారా?"

"కడిగినాను."

"ఎప్పుడు?"

"నీ తలుపు కొట్టే ముందు."

"ఆ సాయంత్రమే ఆస్పత్రి నుంచి బట్టలకని ఇంటికొచ్చినప్పుడు అలమర తీసినాను. గిన్నె కింద తడి ఉండాది. సూసినాను మామా. మా మామ అట్ల చెయ్యడులే అనుకుని మూసేసినాను." చేతిలోని స్టీలు గిన్నె చెట్టు పక్కన పెట్టింది. "పద్దినాలుగా నేనేం తిన్నానో గ్యాపకం తెచ్చుకుంటా ఉండాను. కలలో ఏమన్నా తిన్నానా అనుకున్నాను."

లోపల ఫోన్ మోగింది. ఆరు అయినట్టుంది. ఆమె నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మతో మాట్లాడుతున్న గొంతు వినబడింది. "సరేమ్మా. ఇప్పుడేనా? సరే, సరే." గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి పాప ఏడుపు. సీసాకు అలవాటైన నోరు, రొమ్ము పట్టడం లేదు. ఏడుపు ఆగుతుందేమోనని వియ్యపురాలూ నేనూ వసారాలో చెవులు రిక్కించి కూర్చున్నాం. అప్పటికి కోడలు వాళ్ళమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. నేనే ఆమెకూ చెప్పాను. ఆమె లేచి నా ముందున్న కాఫీ లోటా తీసుకుని లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

నేను బయల్దేరేటప్పుడు కోడలు గుమ్మం దాకా వచ్చింది.

"ఇంట్లో సెప్తారో లేదో మీ ఇష్టం. మీ కేంద్రం కాడ మాత్రం సెప్పండి మామా. కత ఆడికి చేరినాకే నలుగురి నోళ్ళలో పడింది."

చెప్తానన్నాను.

పాప మూడో రోజుకు రొమ్ము పట్టింది. పాలు కొంచెం కొంచెంగా పెరిగాయి గానీ మునుపటంత కాలేదు. సగం తల్లిపాలు, సగం డబ్బాతో పెరిగింది. పోయిన సగం నావల్ల పోయింది. తర్వాత వయసు పెరిగేకొద్దీ, డాక్టరమ్మ తన కళ్ళముందే కొద్దికొద్దిగా పాల పదార్థాలు అలవాటు చేయించింది. ఇప్పుడు అమ్మానాన్నలతో బెంగళూరులో ఉంటూ పాప బడికి పోతోంది. బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మా ఇంట్లో చివరి ముద్ద పెరుగుతోనే తింటుంది. పాప తింటుంటే మా కోడలు తన ముద్ద ఆపి చూస్తుంది, ఇప్పటికీ.

ఇంట్లో ఆ రాత్రే చెప్పాను. మా అబ్బాయి చాలా నెలలు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. మా ఆవిడ కుప్పం వెళ్ళి కోడలి చేతులు పట్టుకుని ఏడ్చి వచ్చింది. తర్వాత నాతో అంది. "ఊరోళ్ళకు సెప్పేది యాల? ఇంట్లో తెలిసింది, సాలదా?" నాకు కావలసిన మాట అదే. పట్టుకుని ఏళ్ళ తరబడి దాని వెనక దాక్కున్నాను.

పోయిన నెల ఒక పొద్దున కేంద్రం దగ్గర వరసలో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఒకామె కూతురు బాలింత. రెండో ఆమె నా వైపు కళ్ళతో సైగ చేసి గొంతు తగ్గించింది. "పత్యం బాగా పెట్టు. వాళ్ళ కోడలు మాదిరి దొంగసాటుగా కోవా తినిందంటే ఇంగంతే."

నా చేతిలో సీసా ఉంది. యంత్రం మీద ఎవరివో అంకెలు వెలుగుతున్నాయి.

"కోవా తినింది నేనమ్మా," అన్నాను. "ఆ పిల్ల తినలేదు. పాపకు మజ్జిగ తేట పట్టింది కూడా నేనే. డాక్టరు అడిగితే అబద్ధం చెప్పినాను. ఆ పిల్ల తప్పు రవ్వంత కూడా లేదు."

సైగ చేసిన ఆమె చూపు తన క్యాను మూత మీద పడి అక్కడే ఉండిపోయింది. నా మనవరాలు నాకు సున్నా వేసిందని ఒకప్పుడు నవ్విన పెద్దాయన వరసలో ముందున్నాడు. యంత్రం వైపు చూసి, "నాది ఫ్యాట్ ఎంత వచ్చిందప్పా?" అన్నాడు. చెప్పాను. ఆయన అడక్కపోయినా రెండో అంకె కూడా చెప్పాను.

ఆ సాయంత్రం కోడలికి ఫోన్ చేసి, చెప్పేశానమ్మా అన్నాను. అవతల పాప ఏదో పద్యం వల్లె వేస్తోంది. కోడలు అడిగింది.

"ఎంతమంది ఉన్నారు మామా ఆడ?"

"తొమ్మిది మంది."

"తొమ్మిది మందేనా," అంది.

అందుకే రాస్తున్నాను.